ముడి ఈమెయిల్ ఫైలు నుంచి రొయ్యల రేటు తీయడం: రెగెక్స్ ఎక్కడ దెబ్బతింటోంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: భీమవరంలో రొయ్యలు కొనే ఆఫీసు. ప్రాసెసింగ్ ప్లాంట్ల నుంచి రోజూ కౌంట్‌వారీగా (కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేట్ల మెయిల్స్ వస్తాయి. సర్వర్ ఒక్కో మెయిల్‌ను ఒక్కో ఈఎంఎల్ ఫైలుగా ఫోల్డర్‌లో పడేస్తుంది. పైథాన్‌లో ఫైలు తెరిచి, లైన్లుగా విడగొట్టి, రెగెక్స్‌తో (రాతలో కావలసిన నమూనాను వెతికి పట్టే సూత్రంతో) సబ్జెక్టు, రేటు తీస్తున్నారు. కొన్ని మెయిల్స్‌కి బాగానే వస్తోంది. కొన్నిటికి సబ్జెక్టు సగమే వస్తోంది, తెలుగు సబ్జెక్టయితే అర్థంకాని అక్షరాలు వస్తున్నాయి. ఒకసారైతే 40 కౌంట్ రేటు 385కి బదులు 38 అని పడింది. ఆకివీడు, గణపవరం ఏజెంట్లు ఫార్వర్డ్ చేసేవి మరీ గందరగోళం. "రెగెక్స్ ఎలా రాస్తే అన్నీ వస్తాయి?" అని అడిగారు.

ఎలా రాసినా రావండి. మీ రెగెక్స్‌లో తప్పేమీ లేదు, దాన్ని పెట్టిన చోటే తప్పు. ఆ ఫైలు చూడ్డానికి టెక్స్ట్‌లా ఉంటుంది గానీ, దారిలో పాడవకుండా పంపడం కోసం లైన్లు విరిచి, అక్షరాలు మార్చి, భాగాలుగా విడగొట్టిన బైట్లు అవి. వాటిని తిరిగి మామూలు రాతగా మార్చే పని లైబ్రరీకి వదిలేయండి. అలా మారిన రాత మీద, చిట్టచివర, రేటు పట్టుకోవడానికి మాత్రమే రెగెక్స్ వాడండి. కాకినాడలో ఎగుమతి కాగితాల మెయిల్స్ చదివే ప్రోగ్రాములు రాయడమే నా పని కాబట్టి, ఎక్కడేం జరుగుతుందో కాస్త వివరంగానే చెప్తాను.

ముందు ఆ 38 సంగతి చూద్దాం, డబ్బుతో ముడిపడింది అదే కదా. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కంటెంట్-ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ అనే హెడర్ (మెయిల్ మొదట్లో ఉండే వివరాల లైను) ఎదురుగా ఏముందో చూడండి. కోటెడ్-ప్రింటబుల్ అని ఉంటుంది, దాదాపు ఖాయం. ఈ పద్ధతిలో ఏ లైనూ 76 అక్షరాలు దాటకూడదు. దాటబోతే పంపే ప్రోగ్రాము అక్కడ ఒక = గుర్తు పెట్టి, మిగతాది కింది లైనులో రాస్తుంది. చదివే ప్రోగ్రాము ఆ = గుర్తునూ, దాని తర్వాతి లైన్ బ్రేక్‌నూ తీసేసి రెండు ముక్కల్నీ అతికించాలి. హెచ్‌టీఎంఎల్ టేబుల్ మొత్తం ఒకే పొడవాటి లైనుగా తయారవుతుంది కాబట్టి, ఎన్‌కోడర్ దాన్ని ఎక్కడపడితే అక్కడ విరుస్తుంది. మీ ఫైల్లో ఒక లైను 38= అని ముగిసి, కింది లైను 5తో మొదలై ఉంటుంది. మీరు లైన్లుగా విడగొట్టేశారు, రెగెక్స్‌కి 38 కనబడింది, అది తీసుకుంది.

ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే, ఇది రోజూ జరగదు. ఎక్కడ విరగాలన్నది దానికి ముందు ఎన్ని అక్షరాలున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. నిన్న 9వ తేదీ, ఇవాళ 10వ తేదీ అయితే ఒక అక్షరం పెరిగింది, విరిగే చోటు ఒక అడుగు జరిగింది. నిన్న చక్కగా వచ్చిన ప్లాంటు మెయిలే ఇవాళ తప్పు రేటు ఇస్తుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాము ఆగదు. 38 కాబట్టి మీ కళ్ళకి దొరికింది. అదే 1,385 లాంటి అంకె 1,38 దగ్గర విరిగితే ఎవరూ గమనించరు. ఇదే పద్ధతిలో అసలైన = గుర్తును =3డీ అని రాస్తారు. టేబుల్ ట్యాగుల్లో మీకు ఎక్కడ చూసినా కనబడే ఆ 3డీ అదే, అంతకు మించి ఏమీ లేదు.

సబ్జెక్టు సగమే రావడం ఇంకా చిన్న విషయం. మెయిల్ ఫార్మాట్‌ను నిర్ణయించిన 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5322 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతుల్ని చెప్పే పత్రాలు) ఒక లైను 78 అక్షరాలకు మించకపోతే మంచిదనీ, 998 మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదనీ చెప్తుంది. పొడవైన హెడర్‌ను విరిచి కింది లైనులో రాస్తారు. ఆ కింది లైను స్పేస్‌తో గానీ ట్యాబ్‌తో గానీ మొదలైతే అది పై హెడర్‌కే కొనసాగింపు. మీ కోడ్ మొదటి లైను తీసుకుని వదిలేస్తోంది, అంతే. హెడర్ పేర్లలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడా కూడా లేదు. ఒక సర్వర్ అన్నీ చిన్న అక్షరాల్లో రాసినా అది సరైనదే.

తెలుగు సబ్జెక్టు దగ్గర కాస్త నింపాదిగా ఆగాలి. ఇది మనకున్న ప్రత్యేకమైన తలనొప్పి, ఇంగ్లిష్ ఉదాహరణలు చూసి నేర్చుకున్నవాళ్లకి ఎదురుపడదు.

1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 ప్రకారం హెడర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులే ఉండాలి. మిగతా లిపుల కోసం ఇవాళ అందరూ వాడే పద్ధతి 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047లో ఉంది. తెలుగు మాటను యూటీఎఫ్-8 బైట్లుగా తీసుకుని, బేస్64తో ఇంగ్లిష్ అక్షరాలుగా మార్చి, ముందు =? చివర ?= తగిలిస్తారు. మధ్యలో ప్రశ్నార్థకాల మధ్య క్యారెక్టర్ సెట్ (ఏ బైట్లు ఏ అక్షరమో చెప్పే పట్టిక) పేరు, బీ (బేస్64) గానీ క్యూ (కోటెడ్-ప్రింటబుల్ లాంటిది) గానీ ఒక అక్షరం, ఆ తర్వాత అసలు విషయం. ఇలాంటి ముక్క ఒక్కోటీ 75 అక్షరాలు దాటకూడదు.

ఇప్పుడు లెక్క చూడండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరమైనా, గుణింతం గుర్తయినా, పొల్లయినా, సున్నా అయినా ఒక్కోటీ 3 బైట్లు. బేస్64లో 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. 75లో గుర్తులకీ యూటీఎఫ్-8 అన్న పేరుకీ 12 పోగా 63 మిగులుతాయి. నాలుగేసి చొప్పున వాడాలి కాబట్టి 60, అంటే 45 బైట్లు. "భీమవరం రొయ్యల ధరలు" అనే సబ్జెక్టు తీసుకోండి. భీమవరం 6, రొయ్యల 6, ధరలు 4, మొత్తం 16 తెలుగు సంకేతాలు, 48 బైట్లు, రెండు స్పేస్‌లతో 50. మూడే మూడు మాటలు, అయినా ఒక్క ముక్కలో పట్టవు!

కాబట్టి పంపేవాడు దాన్ని రెండు ముక్కలు చేయాలి. బుద్ధిగా రాసిన మెయిల్ ప్రోగ్రామయితే 44 బైట్ల దగ్గర, అంటే "భీమవరం రొయ్యల ధర" వరకు మొదటి ముక్క, "లు" రెండో ముక్క చేస్తుంది. రెండిటి మధ్యా లైన్ బ్రేక్, స్పేస్ ఉంటాయి. పక్కపక్కనున్న రెండు ముక్కల మధ్య ఖాళీని చదివేవాడు పట్టించుకోకూడదన్నది నియమం. సొంతంగా డీకోడ్ చేసేవాళ్లు మర్చిపోయేది సరిగ్గా ఇదే. మర్చిపోతే "ధర లు" అని వస్తుంది. "రొయ్యల" మధ్యలో, పొల్లు తర్వాత విరిగిందనుకోండి, యావత్తు కిందకి వెళ్లకుండా "రొయ్ యల" అవుతుంది. అప్పుడు సబ్జెక్టులో "రొయ్యల" ఉందా లేదా అని వెతికే మీ షరతు లేదనే చెప్తుంది.

బుద్ధిలేని ప్రోగ్రాములు 45 బైట్లు నిండాయా లేదా అన్నదే చూసి కోసేస్తాయి. అప్పుడు "లు"లోని లకారం తాలూకు మొదటి బైటు ఒక ముక్కలో, మిగతా రెండు ఇంకో ముక్కలో పడతాయి. అక్షరాన్ని ఇలా మధ్యకి కోయకూడదని ఆర్‌ఎఫ్‌సీ స్పష్టంగానే చెప్పింది, అయినా కోసేవి వస్తూనే ఉంటాయి. ఒక్కో ముక్కను విడిగా డీకోడ్ చేస్తే ఆ అక్షరం చెడిపోతుంది. దీనికి మందు కూడా పైథాన్‌లోనే ఉంది: ఈమెయిల్ ప్యాకేజీలోని హెడర్ మాడ్యూల్‌లో డీకోడ్_హెడర్ అనే పాత ఫంక్షన్. ఒకే క్యారెక్టర్ సెట్ ఉన్న పక్కపక్క ముక్కల బైట్లను ఇది ముందు కలిపేసి అప్పుడే ఇస్తుంది కాబట్టి, తెగిన అక్షరం అతుక్కుంటుంది. కొత్త పద్ధతిలో (దాని సంగతీ, పాలసీల సంగతీ కింద చెప్తాను) సబ్జెక్టు చెడి వస్తే, అదే ఫైలును కంపాట్32 పాలసీతో మళ్లీ చదివి, ఆ ముడి సబ్జెక్టును దీనికివ్వండి.

చేత్తో పరిశీలించేటప్పుడు పనికొచ్చే చిట్కా ఒకటి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతాలన్నీ ఈ0 బీ0 గానీ ఈ0 బీ1 గానీ అనే బైట్లతో మొదలవుతాయి. అందుకే బేస్64లో తెలుగు మాట మొదలైన చోట 4, ఆ పక్కన పెద్ద ఎల్, ఆ తర్వాత పెద్ద సీ లేదా పెద్ద జీ కనిపిస్తాయి, నాలుగేసి అక్షరాలకోసారి అదే వరస. "భీ"లో భకారం 4, ఎల్, సీ, చిన్న టీ. దీర్ఘం గుర్తు 4, ఎల్, జీ, ఏ. అర్థంకాని ఆ గుంపులో ఈ వరస కనబడిందంటే లోపల తెలుగే ఉంది, యూటీఎఫ్-8లోనే ఉంది, డీకోడ్ చేస్తే వస్తుంది. స్పేస్ ఒక బైటే కాబట్టి రెండో మాట నుంచి వరస జరిగిపోతుంది. దానికి కంగారు పడకండి.

ఇక చేయాల్సిన పని. కోడ్ మీరే రాసుకోగలరు కాబట్టి మాటల్లోనే చెప్తాను.

ఫైలును ఆర్‌బీ మోడ్‌లో, అంటే బైట్లుగా తెరవండి. మీరిప్పుడు టెక్స్ట్‌గా తెరుస్తున్నారు. విండోస్ మీద చాలా పైథాన్ వెర్షన్లు మామూలుగా విండోస్-1252 అనే, తెలుగు లేని క్యారెక్టర్ సెట్ అనుకుని చదువుతాయి, కాబట్టి పార్సర్ (మెయిల్‌ను విప్పి చదివే లైబ్రరీ) చేతికి వెళ్లకముందే సగం పాడైపోతుంది. ఒకే మెయిల్‌లో ఒక భాగం ఒక క్యారెక్టర్ సెట్‌లో, ఇంకో భాగం వేరే దాంట్లో ఉండొచ్చు. అలాంటి ఫైలుకు మొత్తంగా ఒక ఎన్‌కోడింగ్ అన్న మాటకే అర్థం లేదు.

ఆ బైట్లను ఈమెయిల్ ప్యాకేజీలోని మెసేజ్_ఫ్రమ్_బైట్స్ ఫంక్షన్‌కి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పాలసీ అనే ఆర్గ్యుమెంట్‌కి పాలసీ మాడ్యూల్‌లోని డిఫాల్ట్ అన్నది తప్పకుండా పెట్టండి. పేరు డిఫాల్ట్ అయినా, మనం చెప్పకపోతే అది రాదు! పాత ప్రోగ్రాములు చెడకూడదని కంపాట్32 అనే పాత పాలసీనే వాడుతుంది. నెట్‌లో దొరికే పాత ఉదాహరణల్లో నూటికి తొంభై ఆ పాతదాని మీద రాసినవే, అందుకే వాటిలో హెడర్ డీకోడ్ చేయడానికి పది లైన్లుంటాయి. కొత్త పాలసీ పైథాన్ 3.6 నుంచి స్థిరపడింది. దాంతో సబ్జెక్టు అడిగితే విరిచిన లైన్లు కలిసి, ముక్కలు డీకోడై, ఖాళీలు పోయి నేరుగా తెలుగులో వస్తుంది.

బాడీ కోసం గెట్_బాడీ అనే మెథడ్ ఉంది. ప్రిఫరెన్స్‌లిస్ట్‌లో ఏది ముందు కావాలో చెప్పొచ్చు. మామూలుగా అందరూ ప్లెయిన్ ముందు, హెచ్‌టీఎంఎల్ తర్వాత అని సలహా ఇస్తారు. మీ విషయంలో నేను తిరగేసి చెప్తాను, హెచ్‌టీఎంఎల్ ముందు పెట్టండి. రేట్ల టేబుల్‌ను ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చేటప్పుడు చాలా మెయిల్ ప్రోగ్రాములు గడులన్నీ కలిపేసి, ఒకదాని కింద ఒకటి పేర్చేస్తాయి. ఏ కౌంట్‌కి ఏ రేటో పోతుంది. హెచ్‌టీఎంఎల్‌లో అడ్డ వరస అడ్డ వరసగానే ఉంటుంది. ఆ బాడీ మీద గెట్_కంటెంట్ పిలిస్తే బేస్64, కోటెడ్-ప్రింటబుల్ రెండూ విప్పి, క్యారెక్టర్ సెట్ ప్రకారం చదివి మామూలు స్ట్రింగ్ ఇస్తుంది. అందులో 385 అన్నది 385గానే ఉంటుంది. దాన్ని హెచ్‌టీఎంఎల్ చదివే బ్యూటిఫుల్ సూప్ లైబ్రరీకి ఇచ్చి వరసలు, గడులు తీసుకోండి. 40 కౌంట్ పక్క గడిలోని అంకె మీద రెగెక్స్ వాడండి, అక్కడ అది రాజా.

మెయిల్‌లో భాగాలు ఎలా ఉంటాయో మీరు చేత్తో చూసుకోనక్కర్లేదు గానీ, తెలిస్తే మంచిది. ప్లెయిన్, హెచ్‌టీఎంఎల్ రెండూ ఒకే విషయానికి రెండు రూపాలైతే మల్టీపార్ట్ ఆల్టర్నేటివ్. దాని పక్కన పీడీఎఫ్ చేరితే ఆ రెండిటినీ కలిపి పైన మల్టీపార్ట్ మిక్స్‌డ్. లోగో బొమ్మ ఉంటే మధ్యలో రిలేటెడ్. అందుకే "రెండో భాగమే బాడీ" అని రాసిన కోడ్, ప్లాంటువాళ్లు సంతకం కింద లోగో పెట్టుకున్న రోజున పడిపోతుంది.

ఇప్పుడు క్యారెక్టర్ సెట్ సంగతి. కంటెంట్-టైప్‌లో చార్‌సెట్ అని రాసింది పంపినవాడి మాట మాత్రమే. ట్రే మీద 40 కౌంట్ అని రాసుందని మీరు డబ్బు కట్టరు కదా, కిలో తూచి రొయ్యలు లెక్కపెట్టుకుంటారు. ఇక్కడా అంతే. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, విండోస్-1252లో దానికి చోటే లేదు. అయినా పైన విండోస్-1252 అని రాసి, లోపల యూటీఎఫ్-8లో రూపాయి గుర్తు పెట్టి పంపే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. యూటీఎఫ్-8లో ఆ గుర్తు 3 బైట్లు: ఈ2, 82, బీ9. విండోస్-1252గా చదివితే ఆ చివరి బీ9 బైటు పైన రాసే చిన్న ఒకటి అవుతుంది. అంటే రూపాయి గుర్తు, 385 ఉండాల్సిన చోట రెండు పిచ్చి గుర్తులు, ఒక చిన్న 1, పక్కనే 385 కనబడతాయి. హడావిడిలో చూసినవాడు 1385 అని చదువుతాడు. పైథాన్‌లో ఆ చిన్న 1ని ఇజ్‌డిజిట్ అడిగితే అంకే అంటుంది. ఇంట్‌కి ఇస్తే మాత్రం వాల్యూ ఎర్రర్. రెగెక్స్‌లో అంకెల్ని పట్టే బ్యాక్‌స్లాష్-డీ దాన్ని పట్టదు, అది మన అదృష్టం.

చార్‌సెట్ అసలు రాయకపోతే గెట్_కంటెంట్ ఆస్కీ అనుకుంటుంది. అప్పుడు ప్రతి తెలుగు బైటూ నల్ల వజ్రంలో ప్రశ్నార్థకంగా మారుతుంది. తప్పు దగ్గర ఆగకుండా ఆ గుర్తుగా మార్చేయడమే దాని స్వభావం కాబట్టి ఎర్రర్ కూడా రాదు. పైథాన్‌కి తెలియని చార్‌సెట్ పేరు రాస్తే లుకప్ ఎర్రర్ వస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ, అలాగే చెప్పిన చార్‌సెట్ మీద అనుమానం వచ్చినప్పుడూ, గెట్_పేలోడ్‌ని డీకోడ్ ట్రూ అని పిలిచి బైట్లు తీసుకోండి. ముందు యూటీఎఫ్-8 కఠినంగా ప్రయత్నించండి. కుదరకపోతే చెప్పిన చార్‌సెట్, అదీ కాకపోతే విండోస్-1252. యూటీఎఫ్-8 కానిది పొరపాటున యూటీఎఫ్-8గా చెల్లిపోవడం చాలా అరుదు, కాబట్టి ఈ క్రమమే నమ్మకమైనది.

ఒక రకం మెయిల్ మాత్రం ఏం చేసినా రాదు. ప్రింటింగ్ ప్రెస్ అలవాటున్నవాళ్లు "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసి అతికించి పంపుతారు. అవి తెలుగులా కనబడే ఇంగ్లిష్ సంకేతాలు, ఆ ఫాంటు ఉంటేనే తెలుగు. పార్సర్ దాన్ని సరిగ్గానే చదివింది, లోపల ఉన్నదే అది. దానికి వేరే కన్వర్టర్ కావాలి, లేదా పంపినవాళ్లకి ఫోన్ చేసి యూనికోడ్‌లో పంపమనాలి. ఫోనే చవక.

తెలుగు స్ట్రింగ్ చేతికొచ్చాక కూడా పోల్చే ముందు ఒక చిన్న శుభ్రత చేసుకోండి. "కౌంట్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. పోల్చడానికి తీసిన కాపీలోంచి దాన్ని తీసేయండి, చూపించే దాంట్లో ఉంచండి. ఐత్వం గుర్తును ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మారిస్తే రెండూ ఒకటవుతాయి. ఎవరైనా సరదాకి రేటును తెలుగు అంకెల్లో ౩౮౫ అని రాసినా పైథాన్‌లో భయం లేదు. బ్యాక్‌స్లాష్-డీ దాన్ని పడుతుంది, ఇంట్ దాన్ని 385 అనే తీసుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో ఈ సౌకర్యం లేదు.

తేదీ విషయం త్వరగా చెప్పేస్తాను. డేట్ హెడర్‌ను స్ట్రింగ్‌గా కోయకండి, కొత్త పాలసీలో దానికి డేట్‌టైమ్ అనే గుణం ఉంటుంది. దాన్ని భారత కాలమానంలోకి మార్చాకే తారీఖు తీసుకోండి. 15వ తేదీ రాత్రి పన్నెండున్నరకి పంపిన రేటు, సర్వర్ యూటీసీలో రాస్తే 14వ తేదీ 19:00 అవుతుంది. రొయ్యల పట్టుబడి తెల్లవారుజామున ఉంటే ఈ ఒక్క రోజు తేడాకే ఫోన్లలో గొడవ. పైగా డేట్ హెడర్ పంపినవాడి గడియారం. మీ సర్వర్‌కి ఎప్పుడు చేరిందో కావాలంటే రిసీవ్డ్ హెడర్లలో అన్నిటికన్నా పైనున్నది చూడండి. ప్రతి సర్వరూ తన లైనును పైనే చేరుస్తుంది.

ఫ్రమ్ హెడర్‌లో ప్లాంటు పేరు, కామా, ఊరు పేరు అని కోట్స్‌లో ఉండొచ్చు కాబట్టి కామా దగ్గర కోయకూడదు. అడ్రసెస్ గుణం వాడండి. అంతకన్నా ముఖ్యమైనది, ఫ్రమ్‌లో ఎవరి పేరైనా ఎవరైనా రాసుకోవచ్చు. మీరు ఈ రేటు చూసి చెరువు గట్టు మీద రైతుకి మాటిస్తారు. అందుకే మీ సొంత సర్వర్ చేర్చిన అథెంటికేషన్-రిజల్ట్స్ హెడర్‌లో డీకిమ్ (పంపిన డొమైన్ మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) పాస్ అయిందా, ఆ డొమైనూ ప్లాంటు డొమైనూ ఒకటేనా అని చూడండి. ఆ హెడర్‌ను కూడా పంపేవాడు ముందే రాసి పెట్టొచ్చు కాబట్టి, మీ సర్వర్ పేరున్నదే నమ్మాలి. పాస్ కాని దాన్ని రేట్ల పట్టికలోకి నేరుగా ఎక్కించకండి, మనిషి చూసేలా పక్కన పెట్టండి. బ్యాంకు ఖాతా మారిందని చెప్పే మెయిలయితే పాస్ అయినా సరే, మీకు ముందునుంచీ తెలిసిన నంబరుకే ఫోన్ చేయండి.

అటాచ్‌మెంట్లకు ఇటర్_అటాచ్‌మెంట్స్, పేరుకు గెట్_ఫైల్‌నేమ్. తెలుగు ఫైలు పేర్లు ఆర్‌ఎఫ్‌సీ 2231 పద్ధతిలో వచ్చినా అది విప్పుతుంది. ఆ పేరుతో అలాగే డిస్క్ మీద రాయొద్దు. అందులో రెండు చుక్కలూ, స్లాష్‌లూ పెట్టి మీ ఫోల్డర్ బయట ఫైలు రాయించే వీలుంది. మీ సొంత పేరు పెట్టి, వాళ్లది డేటాబేస్‌లో రాసుకోండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో రేటుంటే అది మెయిల్ పార్సింగ్ పని కాదు, దాన్ని ఇందులో కలపకండి. అసలు నన్నడిగితే, రోజూ పంపే నాలుగైదు ప్లాంట్లని సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన సాదా పట్టిక) ఒకటి జత చేయమని అడగండి. ఇద్దరు ఒప్పుకున్నా సగం కోడ్ తగ్గుతుంది.

పార్సర్ ఎంత చెడ్డ మెయిల్‌నైనా ఎర్రర్ ఇవ్వకుండా చదవడానికే చూస్తుంది, ఫిర్యాదులేమైనా ఉంటే డిఫెక్ట్స్ అనే లిస్టులో రాసి పెడుతుంది. అది ఖాళీగా లేకపోతే లాగ్‌లో రాయండి. హెడర్లే ఒక్కటీ రాకపోతే ఫైలు మొదట్లో ఖాళీ లైను ఉందేమో చూడండి. హెడర్లకీ బాడీకీ మధ్య గీత ఆ ఖాళీ లైనే కాబట్టి, మొదటే అది ఉంటే మొత్తం బాడీ అయిపోతుంది. టెస్టు కోసం మెయిల్‌ను కోడ్‌లో మూడు కోట్స్ మధ్య అతికించేవాళ్లకి ఇది తరచూ జరుగుతుంది. అక్కడ లైన్లన్నీ లోపలికి జరిపి రాసినా ఇబ్బందే, స్పేస్‌తో మొదలైన ప్రతి లైనూ పై హెడర్ కొనసాగింపు అనుకుంటుంది. అసలు ఫైలును మాత్రం ఎప్పుడూ చెరపకండి. రేపు కోడ్ మార్చినప్పుడు పాతవన్నీ మళ్లీ నడిపించి చూసుకోవచ్చు.

రిప్లై మెయిల్స్‌లో కింద పాత మెయిల్ వేలాడుతుంది, దాంట్లో నిన్నటి రేట్లుంటాయి. ఎక్కడ కొత్తది ముగిసి పాతది మొదలైందో చెప్పే ప్రమాణం ఏదీ లేదు. ప్లెయిన్‌లో > తో మొదలైన లైన్లు వదిలేయండి. హెచ్‌టీఎంఎల్‌లో జీమెయిల్ అయితే జీమెయిల్_కోట్ అనే క్లాస్ ఉన్న డివ్‌ను తీసేయండి. మిగతావాటికి, పైనుంచి మొదట దొరికిన టేబుల్ ఒక్కటే తీసుకోవడం మేలు. రెండో టేబుల్‌లో కూడా అదే కౌంట్ వేరే రేటుతో ఉంటే ఎంచుకునే పని ప్రోగ్రాముకి ఇవ్వకుండా మనిషికి చూపించండి.

చివరగా మీ ఏజెంట్లు ఫార్వర్డ్ చేసేవి. ఫోన్‌లో మామూలుగా ఫార్వర్డ్ నొక్కితే అసలు మెయిల్ హెడర్లన్నీ పోతాయి. ఫ్రమ్, డేట్, సబ్జెక్ట్, టూ అన్న నాలుగు లైన్లు బాడీలో ఉత్త రాతగా మిగులుతాయి. మీ రెగెక్స్ ఫైలంతా వెతుకుతోంది కాబట్టి, ఒక్కోసారి బయటి సబ్జెక్టు, ఒక్కోసారి లోపలి సబ్జెక్టు పట్టుకుంటోంది. గందరగోళం అక్కడిదే. ఆ లోపలి లైన్లను ఏజెంటు చేత్తో మార్చినా మీకు తెలిసే దారి లేదు, డీకిమ్ కూడా ఏజెంటుదే చూపిస్తుంది. దానికి బదులు కంప్యూటర్ మీద ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్ అని పంపమనండి. అప్పుడు అసలు మెయిల్ చెక్కుచెదరకుండా మెసేజ్/ఆర్‌ఎఫ్‌సీ822 అనే రకం భాగంగా లోపల కూర్చుంటుంది. ఇటర్_అటాచ్‌మెంట్స్‌లో ఆ రకం కనబడితే దాని మీద గెట్_కంటెంట్ పిలవండి, ఇంకో పూర్తి మెయిల్ ఆబ్జెక్ట్ చేతికొస్తుంది. దాన్ని మళ్లీ మొదటి ఫంక్షన్‌కే పంపండి. మెసేజ్-ఐడీ కూడా అసలుదే ఉంటుంది కాబట్టి, ప్లాంటు నుంచి మీకు నేరుగా వచ్చిందీ, ఆకివీడు నుంచి తిరిగొచ్చిందీ ఒకటే అని తేలిపోతుంది, రేటు రెండుసార్లు ఎక్కదు.